ఏడవ మునక వరకు



మన సంఘములోని ఒక చిన్న బాబుకు రక్త క్యాన్సర్ చికిత్స ఈ నెలలో పూర్తయింది. దేవునికి స్తోత్రము. మొత్తం రెండున్నర సంవత్సరాలు పట్టింది. ఆ తల్లిదండ్రులను అడిగి, వారు సరేనన్న తరువాతే, పేరు లేకుండా ఈ సంగతులు రాస్తున్నాము. మొన్న ఆదివారము ఆరాధన అయ్యాక ఒకరిద్దరు మా దగ్గరకు వచ్చి ఇలా అడిగారు: "అయ్యగారూ, మొదటి నెలలనే దేవుడు పిలగాన్ని ముట్టిండని మనమందరం స్తోత్రం చెప్పినం గదా. మరి ఇన్నేండ్లు మందులెందుకు వాడిండ్రు? అది అవిశ్వాసం కాదా?"

మంచి మనస్సుతోనే అడిగారు. అయినా ఈ ప్రశ్నకు బహిరంగముగానే జవాబు చెప్పాలి. ఎందుకంటే రేపు మరొక ఇంట్లో మరొక బిడ్డ బ్రతుకు ఈ జవాబు మీదనే ఆధారపడవచ్చు. మా అభిప్రాయము సూటిగా ఇది: చివరి మాత్ర వరకు వాడించడమే ఆ తల్లిదండ్రుల విశ్వాసము. మధ్యలో ఆపండి అనే మాట ఎంత భక్తిగా పలికినా బిడ్డ ప్రాణానికి అపాయము.

మొదట జరిగిన సంగతి తెలియనివారి కొరకు చెబుతాము. బాబుకు అప్పుడు ఐదేండ్లు. తండ్రి ప్లాంటులో కాంట్రాక్ట్ కార్మికుడు. జ్వరము వచ్చిపోతూ ఉండేది. ఆర్‌ఎంపీ సూది వేస్తే తగ్గేది, నాలుగు రోజులకు మళ్ళీ వచ్చేది. ముఖము పాలిపోయింది. ఎక్కడా పడకుండానే కాళ్ళ మీద నీలం మచ్చలు కనబడ్డాయి. తరువాత "అమ్మా, కాళ్ళు గుంజుతున్నయ్" అంటూ నడవడమే మానేశాడు, ఎప్పుడూ ఎత్తుకోమనేవాడు. గోదావరిఖనిలో రక్త పరీక్ష చేయించారు. రిపోర్టు చూసిన డాక్టరుగారు ఆలస్యము చేయకుండా హైదరాబాదు తీసుకుపొమ్మన్నారు. అక్కడ నడుము దగ్గరి ఎముకలో నుండి మూలుగ తీసి పరీక్షించి, అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అన్నారు. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో అన్నింటికంటే ఎక్కువగా కనబడేది ఇదే.

ఆ వార్త ఊరికి చేరకముందే ప్రశ్నలు చేరాయి. ఎవరి పాపము? కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏమి తిన్నది? ప్లాంటు బూడిద వల్లనా, బొగ్గు దుమ్ము వల్లనా? పిల్లలలో వచ్చే ఈ జబ్బుకు చాలామంది విషయములో ఇదీ కారణమని వైద్యులు కూడా చూపించలేరు. పుట్టు గుడ్డివాని గురించి శిష్యులు ఇలాంటి ప్రశ్ననే వేసినప్పుడు, వాని పాపమూ కాదు, వాని తల్లిదండ్రుల పాపమూ కాదని ప్రభువే ఆ మాటను తీసివేశాడు (యోహాను 9). ప్రభువు తీసివేసినదాన్ని మనము మళ్ళీ ఆ తల్లి నెత్తిన పెట్టకూడదు.

మొదటి ఐదు వారాలు చాలా కష్టముగా గడిచాయి. స్టెరాయిడ్ మందులకు బాబు ముఖము ఉబ్బిపోయింది. నడిరాత్రి లేచి పప్పన్నం కావాలని ఏడ్చేవాడు. జుట్టు ఊడిపోయింది. వెన్నులోకి సూది వేసే రోజున తండ్రి వార్డు బయట గోడకు ముఖము పెట్టుకుని నిలబడేవాడు. ఐదు వారాల తరువాత మళ్ళీ మూలుగ పరీక్ష చేసి, సూక్ష్మదర్శినిలో క్యాన్సర్ కణాలు కనబడటం లేదన్నారు. దీన్ని వైద్యులు రెమిషన్ అంటారు. ఆ రాత్రి మన మందిరములో జరిగిన స్తుతి కూడిక మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ స్తుతి తప్పు కాదు. దేవుడు నిజముగానే మేలు చేశాడు.

అసలు అపాయము ఆ సంతోషము వెనుకనే వచ్చింది. దగ్గరి బంధువు ఒకాయన ఊరి నుండి వచ్చి, "దేవుడు బాగు చేసిన బిడ్డకు ఇంకా సూదులా?" అన్నాడు. అప్పటికే రెండు నెలల మస్టర్లు పోయాయి. చిట్టీ డబ్బులు అయిపోయాయి. పెద్దపాప నానమ్మ దగ్గర ఉండి అమ్మ కోసం బెంగ పెట్టుకుంది. బాబు చూస్తే నవ్వుతున్నాడు, ఆడుకుంటున్నాడు. ఒక పక్కన భక్తి మాట, ఇంకొక పక్కన ఖాళీ జేబు, రెండూ ఒకే దారి చూపించాయి. ఇంటికి పోదాము.

ఆ తల్లి ఈ మాటను హైదరాబాదులోని డాక్టరమ్మ దగ్గర దాచకుండా అడిగింది. ఆమె చెప్పిన లెక్క మేము ఇప్పటికీ మరచిపోలేదు. జబ్బు బయటపడిన నాటికి ఒంట్లో దాదాపు లక్ష కోట్ల క్యాన్సర్ కణాలు ఉండవచ్చు. మొదటి నెల మందులతో సూక్ష్మదర్శినికి ఏమీ కనబడని స్థితి వచ్చినా, ఇంకా వెయ్యి కోట్ల వరకు దాగి ఉండే అవకాశము ఉంది. అక్కడ ఆపితే ఆ మిగిలినవే మళ్ళీ పెరుగుతాయి. తిరిగి వచ్చిన జబ్బు మొదటిదానికంటే మొండిది.

మన బొగ్గు గనుల ప్రాంతము వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు. గనిలో గ్యాసు కంటికి కనబడదు. కనబడలేదు కదా అని మైనింగ్ సర్దార్ పరీక్ష చేయకుండా మనుషులను లోపలికి పంపడు. పైకప్పు ఈ రోజు గట్టిగా ఉన్నట్టు తోచిందని టింబర్‌మెన్ పెట్టిన సపోర్టును ఎవరూ లాగివేయరు. మన సంఘములోని ఏ గని కార్మికుణ్ణి అడిగినా చెబుతాడు, అది భయము కాదు, ఇంటికి తిరిగి రావాలన్న బుద్ధి అని.

అదే వార్డులో వేరే జిల్లా నుండి వచ్చిన ఒక పాప ఉండేది. బాబు కంటే ఒక ఏడు పెద్దది. ఆమెకు కూడా మొదటి నెలలోనే రిపోర్టు బాగా వచ్చింది. ఇంటికి తీసుకుపోయారు, మళ్ళీ రాలేదు. ఏడు నెలల తరువాత వచ్చారు. అప్పటికి జబ్బు తిరిగి వచ్చింది. ఆ పాప ఇప్పుడు లేదు. ఆ తల్లిదండ్రులు ప్రేమ లేనివారు కాదు. వారితో పాటు నడిచే మనుషులు లేకపోయారు.

ఈ మందుల చరిత్రలో మన తెలుగువాని చేయి ఉన్నదని ఎంతమందికి తెలుసు? భీమవరములో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించారు. ఆయన బృందము తయారుచేసిన అమినాప్టెరిన్ అనే మందును బోస్టన్ నగరములో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఈ జబ్బుతో ఉన్న పిల్లలకు ఇచ్చాడు. 1948 జూన్‌లో ఆయన ప్రచురించిన వ్యాసములో 16 మంది పిల్లల వివరాలున్నాయి. వారిలో 10 మందికి గుణము కనబడింది. అంతవరకు ఈ జబ్బు వచ్చిన బిడ్డకు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. అయినా ఆ వ్యాసము శీర్షికలోనే ఆ గుణము తాత్కాలికమైనదని రాసి ఉంది. కొన్ని నెలలు ఆడుకున్న ఆ పిల్లలకు జబ్బు తిరిగి వచ్చింది. సుబ్బారావు గారు అదే సంవత్సరము ఆగస్టులో కన్నుమూశారు.

ఆ తరువాత వైద్యులు ఏళ్ళ తరబడి ఒక పాఠము నేర్చుకున్నారు. ఒక్క మందు చాలదు, కొన్ని కలిపి ఇవ్వాలి. కనబడకుండా పోయిన తరువాత కూడా ఏళ్ళ తరబడి ఇవ్వాలి. మన ఇండ్ల ముందర పూసే బిళ్ళగన్నేరు మొక్క నుండి తీసిన విన్‌క్రిస్టిన్ 1960లలో ఈ చికిత్సలో చేరింది. సుబ్బారావు గారి బృందము నుండే వచ్చిన మెథోట్రెక్సేట్ మాత్రను మన బాబు వారానికి ఒకసారి మింగాడు. దానితో పాటు రోజూ రాత్రి మెర్కాప్టోప్యూరిన్ మాత్ర. ఒకప్పుడు నెలలు మాత్రమే బ్రతికిన పిల్లలు, ఈ పూర్తి చికిత్స అందే సంపన్న దేశాలలో నేడు పది మందిలో దాదాపు తొమ్మిది మంది బ్రతుకుతున్నారు. తాత్కాలికము అన్న ఆ మాట శాశ్వతముగా మారడానికి పట్టిన దారి ఇదే. మధ్యలో ఆపినవారు తిరిగి 1948కే పోతారు.

ఇప్పుడు వాక్యములోనికి వెళ్దాము. నయమాను సంగతి మనకు తెలుసు (2 రాజులు 5). యొర్దానులో ఏడు మారులు మునగమని ప్రవక్త కబురు పంపాడు. మూడవసారి లేచినప్పుడు ఆయన చర్మము ఎట్లున్నదో లేఖనము చెప్పదు. ఏడు మారులు అయిన తరువాత ఏమైందో మాత్రము చెబుతుంది. మూడవ మునక దగ్గర సంతోషపడి ఒడ్డుకు వచ్చి ఉంటే ఏమని సాక్ష్యము చెప్పేవాడు? అసలు ఆయన మొదటి మునకకు ముందే కోపగించుకుని వెనుదిరిగాడు. ఆయన్ను మళ్ళించింది ఎవరు? ప్రవక్త కాదు, ఆయన పరివారములోని సేవకులు. దగ్గరకు వచ్చి, తండ్రీ అని పిలిచి, మెల్లగా నచ్చజెప్పారు. ఇంటి దారి పట్టిన మనిషిని నది దగ్గరకు మళ్ళించిన ఆ సేవకుల పనే నేటి సంఘము పని అని మేము నమ్ముతున్నాము.

మళ్ళీ మళ్ళీ పరీక్షలు చేయించడం అవిశ్వాసమా? లేవీయకాండము 13, 14 అధ్యాయాలు చదవండి. కుష్ఠు విషయములో యాజకుడు చూడాలి, ఏడు దినములు ఆగాలి, మళ్ళీ చూడాలి. ప్రభువు తానే ముట్టి బాగుచేసిన కుష్ఠరోగిని కూడా యాజకునికి కనబరచుకొమ్మని పంపాడు (మార్కు 1). పరీక్షకు నిలబడలేని స్వస్థత ఆయనది కాదు. హిజ్కియా కన్నీళ్ళతో ప్రార్థించాడు, దేవుడు పదిహేను సంవత్సరాల ఆయుష్షు పెంచుతానని మాట ఇచ్చాడు, అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద కట్టమన్నాడు (యెషయా 38). వాగ్దానము ఉన్నది గనుక ముద్ద వద్దని హిజ్కియా అనలేదు.

దేవునికి రావలసిన మహిమ డాక్టర్లకు పోతుంది కదా అని కొందరు అంటారు. అన్నము తిని బలము పొందినప్పుడు మనము వరి పండించినవానికి కృతజ్ఞత చెబుతాము, దేవునికి స్తోత్రము చెబుతాము. ఒకటి ఇంకొకదాన్ని తగ్గించదు. ఐదు వారాల స్వస్థత మాత్రమే దేవునిది, రెండున్నరేండ్ల స్వస్థత మనుషులది అనుకోవడం వల్లనే ఈ తికమక వస్తుంది. రోజూ రాత్రి మాత్ర వేసిన ఆ తల్లి చేతికి ఓపిక ఇచ్చింది ఎవరు?

అయితే ఒక మాట న్యాయముగా ఒప్పుకోవాలి. చికిత్స మధ్యలో మానేసేవారందరూ తప్పుడు బోధ విని మానరు. చాలామంది మోయలేక మానుతారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము పేదలకు గొప్ప ఆధారము. 2023 డిసెంబరులో మన రాష్ట్రములో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కానీ కార్డు చికిత్స ఖర్చు చూసుకుంటుందే గాని పోయిన మస్టర్లను తిరిగి ఇవ్వదు. హైదరాబాదులో గది కిరాయి కట్టదు. ఇంటి దగ్గర ఉన్న రెండవ బిడ్డకు జడ వేయదు.

ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి అనుభవము మనకు కళ్ళు తెరిపించాలి. 2009 ప్రాంతములో అక్కడికి వచ్చిన క్యాన్సర్ పిల్లలలో దాదాపు 20 శాతము మంది చికిత్స వద్దనో, మధ్యలోనో వెళ్ళిపోయేవారు. తరువాతి ఏళ్ళలో కుటుంబాలకు వసతి, భోజనము, డబ్బు సాయము, ధైర్యము చెప్పే మనుషులను ఏర్పాటు చేశారు. ఆ సంఖ్య 5 శాతము లోపునకు దిగింది. కుటుంబము ఒంటరిగా లేకపోవడమే ఆ మార్పు తెచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, పేద దేశాలలో క్యాన్సర్ పిల్లలు ఎక్కువగా చనిపోవడానికి చికిత్స మధ్యలో ఆగిపోవడము ఒక కారణమని చెబుతోంది. 2030 నాటికి కనీసము 60 శాతము పిల్లలు బ్రతకాలని 2018లో ఆ సంస్థ లక్ష్యము పెట్టుకుంది.

ఇందులో మన సంఘము చేయగలిగింది చాలా ఉంది. మీరు చేసినదే మీకు గుర్తుచేస్తున్నాము. యౌవనస్థులు రామగుండం స్టేషనులో రైలెక్కి పోయి రక్తము, ప్లేట్‌లెట్లు ఇచ్చి వచ్చారు. తోటి కార్మికులు తండ్రితో షిఫ్టులు మార్చుకున్నారు. స్త్రీల సమాజము వారు నెలకింత అని గది కిరాయికి పంపారు. ఒక టీచరమ్మ సాయంత్రాలు పెద్దపాపకు చదువు చెప్పింది. ఆసుపత్రి తేదీలన్నీ మందిరములోని క్యాలెండరు మీద రాసి, ఆ రోజున ఆ పేరుతో ప్రార్థించాము. బాబు ఇంటికి వచ్చినప్పుడు గుంపుగా చూడటానికి పోకుండా గుమ్మము బయట నుండే ప్రార్థన చేసి వచ్చారు. దగ్గు, జలుబు ఉన్నవారు దూరముగా ఉన్నారు. ఈ మందులు వాడే బిడ్డకు రోగనిరోధక శక్తి తగ్గిపోతుంది. జ్వరము 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. అట్లా రెండుసార్లు అర్ధరాత్రి కారు తీసిన సహోదరుని దేవుడు దీవించును గాక. ఈ పనులేవీ ప్రార్థనకు బదులుగా చేసినవి కావు. ఈ పనుల రూపములోనే మన ప్రార్థన రెండున్నరేండ్లు నిలబడింది.

ఇక సాక్ష్యము గురించి ఒక మనవి. అదే వార్డులో మరొక బాబు ఉండేవాడు. ఆ తల్లిదండ్రులు ఒక్క తేదీ కూడా తప్పలేదు. మాత్ర తప్పలేదు, ప్రార్థన తప్పలేదు. ఎనిమిదవ నెలలో ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆ బాబు చనిపోయాడు. మన వేదిక మీద నుండి "మా విశ్వాసము చూసి దేవుడు మా బిడ్డను బ్రతికించాడు" అని చెబితే, వెనుక బెంచీలో అలాంటి తల్లి కూర్చుని ఉంటే ఆమెకు ఏమని వినబడుతుంది? పౌలు తన జతపనివాడైన త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చానని రాశాడు (2 తిమోతి 4). అపొస్తలుని విశ్వాసము తక్కువైందని మనమెవ్వరమూ అనము కదా. బ్రతికిన బిడ్డ దేవుని దయ వలన బ్రతికాడు, తల్లిదండ్రుల విశ్వాసానికి మార్కులు వేసి కాదు. చనిపోయిన బిడ్డ కూడా ఆ దేవుని చేతులలోనే ఉన్నాడు. ఎందుకు ఒకరు, ఎందుకు ఇంకొకరు కాదు అంటే మాకు తెలియదు. తెలిసినట్టు నటించే సేవకుడు దుఃఖములో ఉన్నవారికి భారమే అవుతాడు.

యాయీరు కుమార్తెను లేపిన తరువాత ప్రభువు రెండు మాటలు ఆజ్ఞాపించాడు (మార్కు 5). ఈ సంగతి ఎవరికీ తెలియనీయవద్దన్నాడు. పాపకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. పన్నెండేండ్ల ఆ పాపను ఆయన వీధిలో నిలబెట్టలేదు. ఆమె ఆకలి చూశాడు. మనము కూడా అట్లే చేద్దాము. బాబును స్టేజీ ఎక్కించి గుండు తల ఫోటోలు చూపించవద్దు. ఆ ఫోటోలను గ్రూపులలో పంపవద్దు. "క్యాన్సర్ పిలగాడు" అని బడిలో గాని, సండే స్కూలులో గాని ఎవరూ పిలవకుండా మన పిల్లలకు నేర్పుదాము. పెద్దవాడై తానే చెప్పుకోవాలనుకున్న రోజున చెప్పుకుంటాడు. అప్పుడు విందాము.

మందులు ఆగినా పరీక్షలు ఆగలేదు. ఇంకా కొన్నేండ్లు తేదీల ప్రకారము హైదరాబాదు పోవలసిందే. మామూలు జ్వరము వచ్చినా ఆ తల్లి బాబు కాళ్ళ మీద మచ్చల కోసం వెతుకుతుంది. కాబట్టి "అయిపోయింది గదా, ఇంకా భయమెందుకు" అని ఆమెను గద్దించవద్దు. క్యాలెండరు మీద తేదీలు ఇంకా ఉన్నాయి, మీ ప్రార్థన కూడా ఉండాలి.

మీ ఇంట్లో గాని, మీ వాడలో గాని బిడ్డకు తగ్గని జ్వరము, పాలిపోవడము, కారణము లేని నీలం మచ్చలు, ఎముకల నొప్పి, పెరిగే గడ్డలు, కంటి పాపలో తెల్లని మెరుపు కనబడితే సూదులతో రోజులు గడపకండి. రక్త పరీక్ష చేయించండి, పెద్ద డాక్టరుకు చూపించండి. చేతిలో డబ్బు లేదని ఆగవద్దు, ముందు మాకు ఫోను చేయండి. చికిత్స మొదలైతే చివరి వరకు మీతో ఉంటామని సంఘము పక్షముగా మాట ఇస్తున్నాము.

ప్రార్థించుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, ఈ బిడ్డను ఇంతవరకు నిలిపినందుకు స్తోత్రము. వార్డులలో ఉన్న పిల్లలను, గోడకు ముఖము పెట్టుకుని నిలబడిన తండ్రులను, నిద్ర లేని తల్లులను జ్ఞాపకము చేసుకొనుము. బిడ్డలను పోగొట్టుకున్నవారిని నీ దగ్గరకు తీసుకొనుము. చివరి రోజు వరకు వారితో నడిచే ఓపిక మాకు దయచేయుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.